శాటర్న్-5కి రంగు వేద్దాం

ప్లాస్టిక్ మోడళ్ల సరదా కొత్తగా పట్టుకున్నవాళ్లు మామూలుగా యుద్ధ ట్యాంకుతోనో పాతకాలపు విమానంతోనో మొదలుపెడతారు. రంగు ఎక్కడైనా చెదిరినా బురద అనో, మసి అనో, తుప్పు అనో సర్దేసుకోవచ్చు. రాకెట్ దగ్గర ఆ పప్పులు ఉడకవు. అది మామూలుగా ఒక్కసారే ఎగురుతుంది. షెడ్డులోంచి కడిగిన ముత్యంలా బయటికొచ్చి, కొన్నాళ్లు ప్యాడ్ మీద నిలబడి, అలాగే ఆకాశంలోకి పోతుంది. తప్పు దాచుకోవడానికి దాని ఒంటి మీద చోటుండదు.

అయినా కొత్తవాళ్లకు నేను రాకెట్‌నే చెబుతాను, అందులోనూ అపోలో చంద్రయాత్రల శాటర్న్-5ని. తెలుపు, నలుపు, కాస్త వెండి, కొన్ని ఎర్ర అక్షరాలు. రంగులంటే అంతే. కుంచె పట్టడంలో చేయి తిరిగి ఉండక్కర్లేదు. మంచి టేపు, వరుస తప్పకుండా పని చేసుకుపోయే ఓపిక ఉంటే చాలు.

1967 నవంబరు 9న మొదటిసారి, 1973 మే 14న స్కైలాబ్ అంతరిక్ష కేంద్రాన్ని మోసుకుంటూ చివరిసారి ఎగిరిన ఈ రాకెట్ ఎత్తు 110.6 మీటర్లు. ఎయిర్‌ఫిక్స్, రెవెల్ కంపెనీల 1/144 కిట్లలో అది దాదాపు 77 సెంటీమీటర్లు. మొదటి దశ అడ్డుకొలత అసలుది 10 మీటర్లు, మోడల్‌ది 7 సెంటీమీటర్లు. పని అయ్యేదాకా ఈ 144 అనే అంకెను మర్చిపోవద్దు. మోడల్ మీద ఒక్క మిల్లీమీటరు మందాన రంగు పేరుకుందంటే, అసలు రాకెట్ మీద అది 14 సెంటీమీటర్ల గట్టు అవుతుంది. రాకెట్ కాస్తా ఆటబొమ్మలా తేలిపోయేది చాలాసార్లు ఇందుకే. రంగు సరైనదే ఉంటుంది, కాని మందంగా పడి ఉంటుంది.

పెట్టె మీది బొమ్మను నమ్మొద్దు

రంగు డబ్బా ఊపేముందు కూర్చుని ఫొటోలు చూడాలి. ఈ పనిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు కాని, శాటర్న్ విషయంలో అసలు మోసం జరిగేది ఇక్కడే.

1966 మే 25న ఫ్లోరిడాలోని కెనడీ అంతరిక్ష కేంద్రంలో ఒక పూర్తి శాటర్న్-5ని బయటికి తెచ్చారు. దాని పేరు 500ఎఫ్. అది ఎగరడానికి చేసింది కాదు. ప్యాడ్, క్రేన్లు, ఇంధన గొట్టాలు అన్నీ దానికి అమరుతున్నాయో లేదో చూసుకోవడానికి చేసింది. దాని మొదటి దశలో రెండు ట్యాంకుల మధ్య ఉండే ఇంటర్‌ట్యాంక్ మీద కూడా నల్లరంగు పలకలు వేశారు. ఫ్లోరిడా ఎండకి ఆ నలుపు వేడిని లాగేసుకుంటోందని తేలాక, ఎగిరే రాకెట్లకు ఆ భాగాన్ని తెల్లగానే వదిలేశారు. అప్పటికే 500ఎఫ్ ఫొటోలు లోకమంతా తిరిగాయి. కిట్ల కంపెనీలు వాటినే పట్టుకున్నాయి. పాత అచ్చులతో వస్తున్న కిట్లలో చాలావాటికి రంగుల పటం ఇప్పటికీ ఎప్పుడూ ఎగరని ఆ రాకెట్‌దే. దాని ప్రకారం నడుముకి నల్లపట్టీ వేసి కింద అపోలో 11 అని రాసుకుంటే, తెలిసినవాళ్లు నవ్వుతారు.

కాబట్టి ఏ ప్రయోగం రాకెట్ చేయబోతున్నారో ముందు తేల్చుకోండి. నాసా ఫొటోలు ఉచితంగానే దొరుకుతాయి. ఒకే రాకెట్‌ను నాలుగు వైపుల నుంచీ చూపించేవి ఏరి, కాగితం మీద అచ్చు తీసి గోడకి అంటించండి. ఫోన్లో చూద్దాంలే అనుకోవద్దు. టేపు అంటించేటప్పుడు రెండు చేతులకూ పని ఉంటుంది. మిగిలిన మూడు శాటర్న్-5లు హ్యూస్టన్‌లో, కెనడీ కేంద్రంలో, అలబామాలోని హంట్స్‌విల్‌లో ప్రదర్శనకు ఉన్నాయి. హ్యూస్టన్ వైపు మన తెలుగువాళ్లకు కొదవ లేదు కదా, మీ బంధువులెవరైనా అటుంటే ఇంజన్ల దగ్గర, దశల అతుకుల దగ్గర ఫొటోలు తీసి పంపమనండి. అయితే అవి బాగుచేసి మళ్లీ రంగు వేసిన రాకెట్లు. ఆకారానికి వాటిని నమ్మొచ్చు. రంగుకి మాత్రం ప్రయోగం నాటి ఫొటోనే ప్రమాణం.

ఇంతకీ ఈ నల్ల పలకలు ఎందుకు? అందానికి కాదు. తెల్లటి గుండ్రటి గొట్టం తన చుట్టూ తాను తిరిగితే దూరాన ఉన్న కెమెరాకి ఆ సంగతి అంతుపట్టదు. ఒక పక్క నలుపు, ఒక పక్క తెలుపు ఉంటే ఎంత తిరిగిందో ఫిల్ము చూసి లెక్కగట్టొచ్చు. 1942లో జర్మనీలో వి-2 రాకెట్ పరీక్షల నాడే ఇంజనీరు వాన్ బ్రౌన్ బృందం ఇలా నలుపు తెలుపులు వేసేది. తర్వాత అదే వాన్ బ్రౌన్ హంట్స్‌విల్‌లో శాటర్న్‌కి పెద్ద దిక్కయ్యాడు. ఇది తెలిస్తే మోడల్ మీద ఎక్కడ ప్రాణం పెట్టాలో మీకే అర్థమవుతుంది. నలుపు, తెలుపు కలిసే అంచు గీత గీసినట్టు ఉండాలి.

కడుగు, లప్పం, ఉప్పుకాగితం

కిట్ ముక్కల్ని అచ్చులోంచి తేలిగ్గా ఊడిరావడానికి వాడిన జిడ్డు వాటి మీద ఇంకా ఉంటుంది. గిన్నెలు తోమే సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, కడిగి, నీడన ఆరబెట్టండి. ఆ తర్వాత వట్టి చేతులతో ఎక్కువ ముట్టుకోవద్దు.

ఒక్కో దశ గొట్టం రెండు సగాలుగా వస్తుంది. అతికించాక నిలువునా అతుకు కనిపిస్తుంది. దాన్ని మాయం చేయడానికి గోడలకు పెట్టే లప్పం పనికిరాదు. కార్ల షెడ్డుల్లో వాడే ఎన్‌సీ పుట్టీ బాగా పట్టుకుంటుంది. అందులోని ద్రావకం ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది కాబట్టి ఒకేసారి దట్టంగా కూరకుండా పల్చగా రెండు మూడు పూతలు పెట్టండి. ఆరాక 400 నంబరు నీటి ఉప్పుకాగితంతో మొదలుపెట్టి 600, 1000 దాకా వెళ్లండి. కాగితాన్నీ ముక్కనీ తడుపుతూ రుద్దితే దుమ్ము లేవదు, గీతలు పడవు. ఇంటర్‌ట్యాంక్ లాంటి చోట్ల నిలువు పక్కటెముకలు వరసగా ఉంటాయి. అక్కడ చదునుగా రుద్దితే అవి అరిగిపోతాయి. కాగితాన్ని మడిచి, ఆ మడత అంచుతో రెండు ఎముకల సందులో మాత్రమే నడపాలి.

కిట్ దొరకక 3డీ ప్రింటు తీయించుకున్నవాళ్లకు ఈ పని ఇంకా ఎక్కువసేపు పడుతుంది. ఒంటి నిండా పొరల గీతలే ఉంటాయి మరి. శ్రీహరికోట పీఎస్ఎల్వీ చేసుకుందామనుకున్నా పని వరుస ఇదే. 44 మీటర్ల రాకెట్ కాబట్టి 1/144లో 30 సెంటీమీటర్ల పైచిలుకు వస్తుంది, బల్ల మీద చోటు కలిసొస్తుంది.

దశలన్నీ కలిపి అతికించేసి రంగు వేయాలని చూడకండి. అసలు రాకెట్ ఎలాగూ విడిపోయేదే. మోడల్‌నీ విడివిడిగానే ఉంచి, ఒక్కో దశ లోపల ప్లాస్టిక్ పైపు ముక్క బిగించుకుంటే పట్టుకోవడానికి పిడి దొరుకుతుంది, ఆరబెట్టడానికి నిలబెట్టుకోనూవచ్చు.

తెలుపు

ముందు బూడిదరంగు ప్రైమర్ పల్చగా కొట్టండి. అతుకులో మిగిలిన సొట్టలు, ఉప్పుకాగితం గీతలు అప్పుడు బయటపడతాయి. వాటిని సరిచేసి, ఆపైన తెల్ల ప్రైమర్, ఆ తర్వాత తెలుపు వేయాలి. బూడిద మీద నేరుగా తెలుపు కప్పాలంటే పూత మీద పూత పడి మందం పెరిగిపోతుంది. తెల్ల ప్రైమర్ ఆ తిప్పలు తప్పిస్తుంది.

స్ప్రే డబ్బాను ఓ పావుగంట గోరువెచ్చని నీళ్లలో ఉంచి, బాగా ఊపి, ముక్కకి 20, 25 సెంటీమీటర్ల దూరం నుంచి కొట్టండి. పొయ్యి మీది నీళ్లలో మాత్రం పెట్టకూడదు, పేలుతుంది. ముక్క రాకముందే బటన్ నొక్కి, ముక్క దాటాకే వదలాలి. మొదటి పూతకి తెల్లబడకపోతే కంగారుపడొద్దు. పొగమంచు పట్టినట్టు పడితే అదే సరైన పూత. పది, పదిహేను నిమిషాలకో పూత చొప్పున నాలుగైదు పడ్డాక నిండుగా వస్తుంది. కార్ల రంగుల డబ్బా వాడుతుంటే ముందు కిట్‌లో ముక్కలు అతికి ఉన్న ప్లాస్టిక్ చట్రం మీద కొట్టి చూసుకోండి. కొన్ని రంగుల్లో థిన్నర్ ఘాటు ఎక్కువై ప్లాస్టిక్‌ను తినేస్తుంది. లాకర్ రకం మీద ఎనామిల్ వేయొచ్చు కాని ఎనామిల్ మీద లాకర్ వేస్తే కింది పూత ముడతలు పడి లేస్తుంది.

మన వాతావరణం సంగతి విదేశీ పుస్తకాల్లో ఉండదు. వానాకాలంలో విశాఖలోనో కాకినాడలోనో లాకర్ కొడితే గాలిలోని తేమ పూతలో చిక్కుకుని పాలిపోతుంది. తెలుపు మీద అది కనబడదు, నలుపు మీద, వార్నిష్ మీద కొట్టొచ్చినట్టు కనబడుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం హైదరాబాద్ డాబా మీద ఇంకో ఇబ్బంది. రంగు తుంపర ముక్కను చేరేలోపే ఆరిపోయి, గరుకు పొడిలా పడుతుంది. ముసురు లేని రోజు చూసుకుని, మంచు విడిచాక ఎండ ముదరకముందు పని చేయడం ఎక్కడైనా క్షేమం. గాలి ఆడే చోటే కొట్టండి, దరిదాపుల్లో పొయ్యి, దీపం, అగరొత్తి లేకుండా చూడండి. గుడ్డ మాస్కు ఈ ఆవిర్లను ఆపదు. రసాయనాల ఆవిరిని పీల్చే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి.

తెల్లటి తెలుపు, అందులోనూ నిగనిగలాడేది, మోడల్ మీద బాత్రూమ్ టైలులా ఉంటుంది. దూరాన ఉన్న పెద్ద వస్తువు రంగు కంటికి కాస్త మెత్తబడి కనిపిస్తుంది. చిన్న మోడల్ అలా కనిపించాలంటే ఆ మెత్తదనాన్ని మనమే కలపాలి. సాటిన్ రకం తెలుపు తీసుకోండి. ఎయిర్‌బ్రష్ ఉంటే తెలుపులో చుక్క బూడిదరంగు కలపండి. నలుపుకీ ఇదే సూత్రం. నిఖార్సయిన నలుపు కంటే బాగా ముదురు బూడిద నయం.

నలుపు

తెలుపు మీద నలుపు కప్పుతుంది, నలుపు మీద తెలుపు కప్పదు. అందుకే ఈ వరుస. కాని తెలుపు పూర్తిగా ఆరకముందే టేపు వేస్తే టేపుతోపాటు రంగూ లేచొస్తుంది. ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. రంగు వాసన వస్తోందంటే లోపల ఇంకా ఆరలేదన్నమాట, మర్నాటిదాకా ఆగాల్సిందే.

ఇప్పుడు కొలత. మొదటి దశ అడుగున నిలువుగా సాగే నల్ల పలకలున్నాయి. గుండ్రటి గొట్టాన్ని సమానంగా విడగొట్టడానికి స్కేలు పనికిరాదు. సన్నటి కాగితం పట్టీని గొట్టం చుట్టూ చుట్టి, అంచులు కలిసిన చోట కత్తిరించండి. ఈ మోడల్‌కి అది దాదాపు 22 సెంటీమీటర్లు వస్తుంది. పట్టీని సగానికి, మళ్లీ సగానికి మడిస్తే ఒక్కో పావు 5.5 సెంటీమీటర్లు. ఇంకోసారి మడిస్తే ఎనిమిదో వంతు 2.75. మడతల దగ్గర గుర్తు పెట్టి, పట్టీని మళ్లీ గొట్టానికి చుట్టి, ఆ గుర్తుల్ని మెత్తటి పెన్సిల్‌తో తెలుపు మీదికి దించండి. పట్టీ చుట్టినప్పుడు దాని రెండు కొసలూ ఒకదానికొకటి సరిగ్గా కలిస్తే, అడ్డగీత కూడా వంకర లేకుండా ఉన్నట్టే. నిలువు గీతకి ఇంకో ఉపాయం ఉంది. కిటికీలకు వాడే అల్యూమినియం ఎల్-యాంగిల్ ముక్కను గొట్టం మీద బోర్లిస్తే, దానంతట అదే గొట్టం పొడవుకి సమాంతరంగా కూర్చుంటుంది. దాని అంచు వెంట గీసుకోవడమే.

టేపు దగ్గర లోభించకండి. హార్డ్‌వేర్ కొట్టులో దొరికే మాస్కింగ్ టేపు అంచుని భూతద్దంతో చూస్తే రంపపు పళ్లు కనిపిస్తాయి. టమియా లాంటి మోడల్ టేపు అయితే సరే. లేదంటే మామూలు టేపునే అద్దం ముక్క మీద అంటించి, స్టీలు స్కేలు పెట్టి కొత్త బ్లేడుతో అంచు కోసేయండి. ఆ కోసిన అంచే నలుపు వైపు రావాలి.

ఇక అసలు గండం. పలకలు చాలావరకూ ఆ నిలువు పక్కటెముకలున్న చోటే వస్తాయి. రెండో, మూడో దశలను కలిపే, పైకి సన్నబడే భాగం మీదా అంతే. టేపు ఎముకల నెత్తిన అతుక్కుంటుంది, సందుల్లో మాత్రం సొరంగాలు మిగులుతాయి. నలుపు వాటిలోకి పాకుతుంది. టూత్‌పిక్ మొన కొద్దిగా మొద్దుచేసి, ఒక్కో సందులోకీ టేపును నొక్కుతూ వెళ్లండి. విసుగు పుట్టే పనే, ఒప్పుకుంటాను. అది అయ్యాక టేపు అంచు మీద మళ్లీ తెలుపే పల్చగా ఒక పూత కొట్టండి. ఇంకా ఏమైనా సొరంగాలు మిగిలుంటే వాటిలోకి తెలుపు దూరి మూసేస్తుంది. తెలుపు కింద తెలుపు పాకినా ఎవరికీ కనబడదు. అది ఆరాక కొట్టిన నలుపుకి దూరే దారి ఉండదు. ఈ ఒక్క కిటుకుతో కొత్తవాళ్ల పని చేయి తిరిగినవాళ్ల పనిలా కనిపిస్తుంది. మిగతా తెల్లభాగాన్ని మాత్రం సందు లేకుండా కాగితంతో చుట్టేయండి. స్ప్రే తుంపర ఎక్కడ చిన్న కంత దొరికితే అక్కడికి పోతుంది.

నలుపు రెండు మూడు పల్చటి పూతలు చాలు. టేపుకి అడ్డంగా కాకుండా టేపు వైపు నుంచి బయటికి కొట్టండి. చేతికి అంటుకోనంతగా ఆరగానే టేపు తీసేయాలి. రాత్రంతా ఉంచితే పూత గట్టిపడి అంచున పెచ్చుగా విరుగుతుంది. తీసేటప్పుడు పైకి లాగొద్దు, టేపును దాని మీదికే మడిచి నెమ్మదిగా వెనక్కి లాక్కోండి. ఎక్కడైనా కాస్త పాకి ఉంటే బాగా ఆరాక కొత్త బ్లేడు మొనతో గీకితే పోతుంది.

మిగిలిన పనులు

ఇక్కడి నుంచి అంతా నల్లేరు మీద నడకే. సర్వీస్ మాడ్యూల్‌కి వెండిరంగు, దాని మీది రేడియేటర్ పలకలకు తెలుపు. కమాండ్ మాడ్యూల్‌ని కూడా వెండిలా మెరిపించాలని చేయి ఉవ్విళ్లూరుతుంది. ప్యాడ్ మీద ఉన్నప్పుడు దాన్ని ఒక తెల్లటి రక్షణ తొడుగు కప్పి ఉంచేది. పైన తప్పించుకునే టవర్‌ని ఉంచి, కింద క్యాప్సూల్‌ని మెరిపిస్తే రెండూ పొసగవు.

అడుగునున్న ఐదు ఎఫ్-1 ఇంజన్లదీ ఇలాంటి కథే. మ్యూజియంలో అవి వట్టి లోహంతో కనిపిస్తాయి. ఎగిరినప్పుడు మాత్రం వాటి చుట్టూ వేడిని ఆపే మెత్తలు, వాటి మీద ముడతలు పడిన లోహపు రేకు ఉండేవి. వంటింట్లో రొట్టెలు చుట్టే అల్యూమినియం రేకును నలిపి, మళ్లీ సాపు చేసి, చిన్న చిన్న ముక్కలుగా జిగురుతో అంటిస్తే ఆ ముడతలు ఏ రంగుకీ రానంత సహజంగా వస్తాయి. మెరుపు ఎక్కువనిపిస్తే పల్చటి బూడిదరంగు నీళ్లు ఒకసారి పూసి తుడిచేయండి.

ఎర్ర అక్షరాలు, జెండా నీటి డీకాల్స్‌గా కిట్‌లోనే వస్తాయి. వాటికి ముందు మోడల్‌కి నిగనిగలాడే గ్లాసీ వార్నిష్ పూత వేయాలి. మ్యాట్ రంగు మీద నేరుగా అంటిస్తే అడుగున గాలి చిక్కి, అక్షరం చుట్టూ వెండి మరక తేలుతుంది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, దానంతట అది కాగితం మీద జారేదాకా ఆగి, కుంచెతో మోడల్ మీదికి జార్చండి. పక్కటెముకల మీద అది గుడారంలా నిలబడితే మైక్రోసోల్ లాంటి ద్రవం చుక్క వేయండి. కాసేపు ముడతలు పడి భయపెడుతుంది, తాకకుండా వదిలేస్తే సందుల్లోకి దిగి కూర్చుంటుంది.

చివరగా సాటిన్ వార్నిష్. ఎనామిల్ వార్నిష్ కాలక్రమంలో పసుపు తిరుగుతుంది కాబట్టి తెల్ల రాకెట్ మీద యాక్రిలిక్ రకమే వాడండి. మసి, చారలు, గీతలు లాంటి వయసు మీదపడిన గుర్తులు వేయాలన్న సరదా చాలామందికి ఉంటుంది. ట్యాంకుకి వేసుకోండి. శాటర్న్‌కి పక్కటెముకల సందుల్లో బూడిదరంగు లేత నీడ పడితే చాలు, అంతకుమించితే చెడుతుంది. ద్రవ ఆక్సిజన్ ట్యాంకు మీద పట్టే మంచు చూపించేవాళ్లూ ఉన్నారు గానీ మొదటి మోడల్‌కి ఆ జోలికి పోవద్దు.

కిటికీ ఎండ నేరుగా పడని చోట నిలబెట్టండి. స్టాండు మీద ఏ ప్రయోగం రాకెట్టో తప్పకుండా రాయండి. అపోలో 11 అయితే ఎస్ఏ-506, 1969 జులై 16. నలుపు ఎక్కడుంది, ఎక్కడ లేదు అని ఎవరైనా వేలెత్తితే, గోడ మీద అంటించిన ఫొటోలు తీసి చూపించండి.